ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన సహోదరి



హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రిలో రొమ్ము తీసివేయించుకొనిన ఒక స్త్రీ, న్యాల్‌కల్ మండలములోని తన పల్లెకు తిరిగి వచ్చుచున్నదనుకొందము. జహీరాబాదు వరకు సుమారు నూరు కిలోమీటర్లు పెద్ద రోడ్డు. అక్కడ బస్సు మారి మరికొంత దూరము. ఆమె చంక ప్రక్కనుండి ఒక సన్నని గొట్టము వచ్చుచున్నది. దాని కొనకు చిన్న డబ్బా. దానిపై కొంగు కప్పుకొని కూర్చున్నది. బస్సు గుంతలో పడినప్పుడెల్ల ఆ ప్రక్క చేతిని రెండవ చేతితో పట్టుకొనుచున్నది. ఇల్లు చేరగానే ఇరుగుపొరుగువారు వచ్చి, "ఏమైందమ్మా?" అందురు. అత్తగారు, "గడ్డ తీసిండ్రు" అని ఒక్క మాట చెప్పి తలుపు దగ్గరకు వేయును.

ఆ తలుపు మూసిన తరువాతి సంగతి వ్రాయవలెనని చాల దినములుగా అనుకొనుచుంటిని. రొమ్ము క్యాన్సరునకు కత్తి పట్టిన వైద్యుల చరిత్ర పుస్తకములలో విస్తారముగా కలదు. ఇల్లు చేరి మంచము పట్టిన స్త్రీ చరిత్ర మాత్రము అంత సుళువుగా దొరకదు. ఆమె చెప్పలేదు, ఎవరును అడుగలేదు. అయినను ఎక్కడనో ఒకచోట కొందరు నోరు విప్పిరి. వారివలన తెలిసినది ఈ పత్రిక చదువు ఇండ్లకు పనికివచ్చునని నా నమ్మకము.

మొదట ఒక రాణిని గూర్చి చెప్పెదను. యూదులను చెరనుండి విడిపించి స్వదేశమునకు పంపిన కోరెషును మీరందరును ఎరుగుదురు. ఆ కోరెషు కుమార్తె పేరు అతోస్సా. యెరూషలేములో మందిరము తిరిగి కట్టనిచ్చిన దర్యావేషు ఆమెకు భర్త. ఎస్తేరు గ్రంథములోని అహష్వేరోషు ఆమె కుమారుడేయని అనేక పండితుల అభిప్రాయము. హెరోడొటస్ అను గ్రీకు చరిత్రకారుడు ఈమెను గూర్చి ఒక చిన్న సంగతి వ్రాసిపెట్టెను. ఆమె రొమ్ములో ఒక గడ్డ లేచెనట. అది చిన్నదిగా ఉన్నంతకాలము సిగ్గుచేత దాచుకొని ఎవరికిని చెప్పలేదట. అది పగిలి వ్యాపించిన తరువాతనే డెమోసీడెస్ అను గ్రీకు వైద్యుని పిలిపించెను. అతడు నయము చేసెనని హెరోడొటస్ చెప్పెను గాని, ఏ విధముగా చేసెనో చెప్పలేదు. అది నిజముగా క్యాన్సరో, మరి ఏదైన వాపో ఇప్పుడు తేల్చలేము. నాకు అది అంత ముఖ్యము కాదు. తండ్రి చక్రవర్తి, భర్త చక్రవర్తి, పిలిచినచో పలుకు వైద్యులు ఇంటిలోనే ఉన్న స్త్రీకి కూడ సిగ్గు అడ్డము వచ్చినది. రెండువేల అయిదువందల యేండ్ల క్రిందటి ఆ సిగ్గును మన ఊరిలో ఏ ఇంటిలోనైనను గుర్తుపట్టవచ్చును.

ఇక 1811వ సంవత్సరమునకు వత్తము. అప్పటికి శస్త్రచికిత్సకు మత్తుమందు ఐరోపాలో గాని అమెరికాలో గాని లేదు. ఇట్టి ఆపరేషనులు ఆసుపత్రిలో కంటె ఇండ్లలోనే ఎక్కువగా జరుగుచుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన పారిస్ నగరములో ఫ్యానీ బర్నీ అను ఇంగ్లీషు రచయిత్రికి కుడి రొమ్ము తీసివేసిరి. నెపోలియను సైన్యమునకు వైద్యుడైన లర్రే గారు కత్తి పట్టెను. నల్లని దుస్తులు ధరించిన ఏడుగురు పురుషులు ఆమె గదిలోనికి వచ్చిరి. ఆమెకు కొంచెము ద్రాక్షారసపు మందు త్రాగించి, ముఖముపై పలుచని రుమాలు కప్పిరి. ఆ రుమాలులోనుండి ఆమెకు అంతయు కనబడుచునే యుండెను. సుమారు ఇరువది నిమిషములు ఆ బాధ నడచెను. ఆమె భర్తను ఆ దినమున పనిమీద ఇంటికి దూరముగా ఉంచిరి. అది ఆమె చేసిన ఏర్పాటే; అతడు చూచి తట్టుకొనలేడని ఆమె భయము.

గాయము మానినది. నోరు మాత్రము చాల నెలలు తెరువబడలేదు. ఆ సంగతి తలచుకొనినను తల నొప్పిపుట్టెనని, వ్రాసినదానిని తిరిగి చదువుకొనుటకైనను ధైర్యము లేకపోయెనని ఆమె తెలిపినది. చివరకు ఇంగ్లండులోనున్న తన అక్క ఎస్తేరుకు పొడవైన ఉత్తరము వ్రాసెను. దానిని మొదలుపెట్టి ముగించుటకు నెలలు పట్టెను. ఆమె 1840 వరకు, తన ఎనుబది యేడవ యేట వరకు జీవించెను. ఈ దినమున వైద్య విద్యార్థులు కూడ ఆ ఉత్తరమును చదువుచున్నారు. ఒక స్త్రీ తన అక్కతో చెప్పుకొనిన మాటలవలన రోగి మంచము మీదనుండి ఆపరేషను ఎట్లుండునో లోకమునకు వివరముగా తెలిసినది.

ఆమె ఆపరేషను జరిగిన ఎనిమిది దినములకు, అక్టోబరు 8న, సముద్రము ఆవల అమెరికాలో మరియొక స్త్రీకి అదే చికిత్స జరిగెను. ఈమె అమెరికా రెండవ అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ గారి కుమార్తె. తల్లి పేరును అబీగయీలే, కూతురి పేరును అబీగయీలే. ఇంటిలో న్యాబీ అని పిలుచుకొనిరి. పెండ్లియై దూరప్రాంతములో కాపురముండెను. జబ్బు సంగతి తెలిసి పుట్టింటికి వచ్చెను. ఆపరేషను పుట్టింటనే జరిగెను. ఆ చలికాలమంతయు తల్లియే ఆమెను చూచుకొనెను. మరుసటి యేడు అత్తవారి ఊరికి వెళ్లెను. జబ్బు తిరిగి వచ్చినప్పుడు, ఆ బాధలోనే వందలకొలది మైళ్లు బండిలో ప్రయాణము చేసి మరల తండ్రి ఇంటికే వచ్చి 1813 ఆగస్టులో కన్నుమూసెను. మన స్త్రీలు కానుపునకు పుట్టింటికి పోవుట వాడుక. ఇట్టి జబ్బునకును పుట్టిల్లే కావలసివచ్చునని ఈ అమెరికా కుటుంబము వలన తెలియుచున్నది. కాని మన పల్లెలలో వయసు మీరిన ఆడపడుచునకు పుట్టిల్లు మిగిలియుండుట అరుదు. అన్నలు, వదినెలు ఏమందురో యను సంకోచము వేరు.

ఆ కాలపు వైద్యమును కొంత త్వరగా దాటిపోదము. 1804 అక్టోబరులో జపాను దేశమందు హనావోకా అను వైద్యుడు, మనకు తెలిసిన ఉమ్మెత్త మొదలగు మూలికలతో మత్తు కలిగించి, అరువది యేండ్ల స్త్రీకి రొమ్ములోని గడ్డ తీసెను. నొప్పి తెలియలేదు, అయితే కొద్ది నెలలకే ఆమె చనిపోయెను. 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారము వాడుకలోనికి వచ్చినవి. నొప్పి పోయినను చీము పోలేదు. 1867లో లిస్టర్ గారు కార్బాలిక్ ఆమ్లముతో గాయములు కడుగు పద్ధతిని ప్రకటించిన యేడే ఆయన సోదరి ఇసబెల్లాకు ఈ జబ్బు వచ్చెను. ఇతర వైద్యులు వలదనిరి. లిస్టర్ గారు ఎడింబరోలోనున్న తన మామగారైన సైమ్ డాక్టరు గారిని సలహా అడిగి, గ్లాస్గోలోని తన ఇంటిలోనే సోదరికి ఆపరేషను చేసెను. గాయము చీము పట్టక మానెను. మూడు సంవత్సరములు ఆమె బ్రదికెను. సొంత తోబుట్టువు మీద కత్తి పెట్టిన ఆ అన్నదమ్ముని రాత్రి ఎట్లు గడచెనో ఊహించుకొనుడి.

ఈ సైమ్ గారి శిష్యుడే మన హైదరాబాదునకు వచ్చిన ఎడ్వర్డ్ లారీ డాక్టరు. న్యాల్‌కల్ ప్రాంతము అప్పుడు నిజాము రాజ్యములో బీదరు జిల్లాకు చేరియుండెను. క్లోరోఫారము వలన ప్రాణాపాయము కలదా లేదా యని తేల్చుటకు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గారి ధనసహాయముతో 1888లోను 1889లోను లారీ గారు హైదరాబాదులో రెండు పరిశోధన సంఘములు నడిపెను. శ్వాసను చూచుకొనినచో చాలును, గుండెకు భయము లేదని ఆయన వాదము. అది పూర్తిగా సరికాదని 1911లో ఇంగ్లండులో తేలినది. గురువుగారి మాటను మరీ గట్టిగా పట్టుకొనుట వలన వచ్చిన చిక్కు అది. అయినను ఆయన వైద్య పాఠశాలలో స్త్రీలను చేర్చుకొనెను. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ యువతి క్లోరోఫారము ఇచ్చు డాక్టరై, హైదరాబాదు ఆసుపత్రులలో అనేక సంవత్సరములు పనిచేసెను. ప్రపంచములో మత్తు వైద్యము చేసిన మొదటి స్త్రీలలో ఈమె యొకతె. ఇటు గుంటూరులో 1883లో అడుగుపెట్టిన అన్నా కుగ్లర్ దొరసాని గారు 1898లో స్త్రీల ఆసుపత్రిని తెరచిరి. పురుష వైద్యునికి రొమ్ము చూపుటకంటె చచ్చుటయే మేలనుకొను స్త్రీలకు ఒక స్త్రీ డాక్టరు ఎదుట కూర్చుండుట ఎంత ఊరటయో చెప్పనక్కరలేదు.

ఊరట కలిగినను ఆసుపత్రి దూరమే. మన ప్రాంతము 1956 నవంబరు 1న బీదరు నుండి విడివడి మెదకు జిల్లాలో కలిసెను; 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరనున్న క్యాన్సరు ఆసుపత్రి 1955లో ఏర్పడెను. అయినను పేదవానికి బస్సు చార్జీ, బసకు చోటు, కూలి పోగొట్టుకొనిన దినములు లెక్క చూచుకొనక తప్పదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత ఆపరేషను ఖర్చు చాలమందికి తగ్గినది. అందుచేత ఇప్పుడు మన పల్లెలకు ఇట్టి సహోదరీలు తిరిగివచ్చుట పూర్వముకంటె సామాన్యమైనది. వారికి ఏమి చేయవలెనో ఇంటివారికి తెలియుట మాత్రము ఇంకను సామాన్యము కాలేదు.

చేతి సంగతి చెప్పవలసియున్నది. అమెరికాలో హాల్‌స్టెడ్ అను గొప్ప శస్త్రవైద్యుడు 1882 మొదలుకొని రొమ్ముతో పాటు దాని క్రిందనున్న ఎదకండరములను, చంకలోని గ్రంథులను కూడ తీసివేయసాగెను. ఎంత ఎక్కువ తీసిన అంత క్షేమమని ఆయన తలంపు. డెబ్బదియేండ్లకు పైగా చాలమంది వైద్యులు దానినే అనుసరించిరి. ప్రక్కటెముకలు బయటపడునట్లు ఎద గుంటపడుచుండెను. చేయి వాచి స్తంభమువలె అగుచుండెను. 1948లో లండనులో పేటీ అను వైద్యుడు కండరమును కాపాడు పద్ధతిని ప్రకటించెను. 1971లో అమెరికాలో ఫిషర్ గారు 1,600కు పైగా స్త్రీలతో మొదలుపెట్టిన పరీక్షలో, అంత పెద్ద కోత వలన ఆయుస్సు పెరుగలేదని తేలెను. ఇరువది అయిదేండ్ల ఫలితములను 2002లో ప్రకటించినప్పుడును అదే మాట. అన్ని సంవత్సరములు ఎందరు స్త్రీలు అక్కరలేని కోతను భరించిరో తలచుకొనిన మనస్సు చివుక్కుమనును.

ఆ పెద్ద కోత పడిన స్త్రీలలో న్యూయార్కు నివాసిని టెరీస్ లాసర్ ఒకతె. 1952లో ఆమెకు ఆపరేషను జరిగెను. చేతిని ఎట్లు కదలింపవలెను, జాకెట్టు ఎట్లు తొడుగుకొనవలెను, భర్త యెదుట ఎట్లు నిలువవలెను అని అడిగినచో జవాబు చెప్పువారు ఆమెకు కనబడలేదు. తానే నేర్చుకొనెను. తరువాత అదే ఆపరేషను జరిగిన ఇతర స్త్రీల మంచముల దగ్గరకు పోవసాగెను. పిలువని పేరంటముగా వచ్చినదని కొందరు డాక్టర్లు విసుగుకొనిరి. ఆమె మానలేదు. ఆమె తీసికొనిపోవు సంచిలో ఏమి ఉండెననుకొనుచున్నారు? సాగు దారముతో కట్టిన ఒక రబ్బరు బంతి, ఒక త్రాడు, జాకెట్టులో పెట్టుకొనుటకు మెత్తని దిండువంటిది ఒకటి. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ పనిని తనదిగా చేసికొనెను. అటు తరువాత అది అనేక దేశములకు వ్యాపించెను.

ఇప్పుడు న్యాల్‌కల్ ఇంటి తలుపు మరల తెరతము.

మొదటిది గొట్టము. గాయములో చేరు నీరు బయటికి వచ్చుటకు అది ఉంచబడినది. ప్రతి దినము ఒకే వేళకు, చేతులు సబ్బుతో కడుగుకొని, డబ్బాలోని నీరు కొలిచి ఒక కాగితముపై వ్రాసి పారబోయవలెను. నొక్కి పెట్టు డబ్బాయైనచో ఆసుపత్రిలో చూపినట్లే నొక్కి మూత వేయవలెను. ఇంటిలో చదువుకొను పిల్లవాడున్నచో ఆ లెక్క వానికి అప్పగించుడి, శ్రద్ధగా చేయును. సాధారణముగా రోజుకు ముప్పది మిల్లీలీటర్లకు తగ్గినప్పుడు డాక్టరు దానిని తీసివేయుదురు. గాయము ఎర్రబడి వేడిగా ఉన్నను, చీము, జ్వరము కనబడినను, తీసిన తరువాత అక్కడ నీరు ఉబ్బినను ఇంటిమందు వేయక ఆసుపత్రికి పోవలెను.

రెండవది పథ్యము. పప్పు తినిన చీము పట్టునని, గుడ్డు వేడియని, ఆపరేషను మనిషికి చారునీళ్లు పోయుట మన పెద్దల అలవాటు. వారు ప్రేమతోనే చేయుచున్నారు. కాని తెగిన మాంసము మరల కూడుటకు కావలసినది ఆ పప్పులోను గుడ్డులోనే కలదు. మన నేలలో పండు కంది, పెసర, శనగలు, జొన్నరొట్టె, ఆకుకూర, దొరికినచో పాలు, గుడ్డు — అన్నియు పెట్టవచ్చును. ఈ జబ్బు ఒకరినుండి మరియొకరికి అంటదు. ఆమె పళ్లెము వేరు చేయనక్కరలేదు. పసిపిల్లను ఆమె ఒడిలో కూర్చుండనీయుడి, గాయము ప్రక్కకు కాక రెండవ ప్రక్కకు.

మూడవది పని. బిందె, కట్టెలమోపు, బియ్యపు సంచి మొదటి నాలుగు నుండి ఆరు వారములు ఆ చేతితో ఎత్తరాదు. మన ఇండ్లలో కోడలు మంచము మీద నాలుగు దినములున్నచో అయిదవ దినము గొణుగుడు మొదలగును. ఇక్కడ నేను అత్తలను, మగవారిని సూటిగా అడుగుచున్నాను: నలుబది దినములు బోరింగు దగ్గర నీళ్లు మోయుట మీకు అంత బరువా? చంక గ్రంథులు తీసిన చేతికి వాపు నెలల తరువాతనో, యేండ్ల తరువాతనో కూడ రావచ్చును. పెనము అంటుకొని కాలినను, ముల్లు గ్రుచ్చుకొనినను ఆ చేయి త్వరగా చెడును. అందుచేత పొలములో పూర్తి చేతుల చొక్కా తొడుగుకొనుట మంచిది. గాజులు బిగువుగా ఉన్నచో ఆ చేతివి తీసివేయవచ్చును. గాజులు తీయుట అపశకునమని ఏడ్చువారు, ఒక చేతికి గాజులున్నచో చాలదా యని ఆలోచించుకొనుడి.

అట్లని చేతిని కట్టివేసికొని కదలక కూర్చుండరాదు. అది మరియొక పొరపాటు. భయముచేత ముడుచుకొనిన భుజము కొన్ని వారములకే బిగిసిపోవును. ఆపరేషను తరువాత కొందరికి కరెంటు వైద్యము అవసరమగును. ఆ యంత్రము క్రింద పడుకొనినప్పుడు చేతిని తలపైకి ఎత్తి ఉంచవలెను. చేయి లేవని స్త్రీ అక్కడ చాల అవస్థ పడును. పై చేతి లోపలి ప్రక్క మొద్దుబారినట్లుండుట, లేని రొమ్ములో దురద పుట్టినట్లు తోచుట, చంకలో తీగె లాగినట్లుండుట — ఇవి చాలమందికి కలుగును. దయ్యము కాదు, ఎవరి చేతబడియు కాదు. తెగిన నరములు, నాళములు మానుచున్నవి. గాయము మానినది కదా యని మిగిలిన సూదులు, మాత్రలు మానుకొనుటయే అన్నిటికంటె ప్రమాదము. మాత్రలు కొందరికి అయిదు సంవత్సరములు, అంతకంటె ఎక్కువ కూడ ఉండును.

నాలుగవది ఎవరును మాటలాడనిది. మొదటిసారి కట్టు విప్పి చూచుకొనినప్పుడు ఆమె ప్రక్కన ఎవరుందురు? భర్త చూడనొల్లక వెలుపల పంచలో పడుకొనుట దయయని అతడనుకొనును. తన్ను రోసెనని ఆమె అనుకొనును. ఇద్దరును నోరు విప్పరు. ఫ్యానీ బర్నీ గారి భర్త ఆ దినమున దూరముగా ఉన్నను తరువాత ఆమె దగ్గరనే ఉండెను. జాకెట్టు ఒక ప్రక్క వదులగుట బయటికి వెళ్లు స్త్రీకి చిన్న బాధ కాదు. దూర దేశములలో కొందరు స్త్రీలు గుడ్డ సంచి కుట్టి పక్షులకు వేయు గింజలు నింపి పెట్టుకొనిరి. ఆ గింజలు మన కొర్రలవంటివే. మన ఇంటిలో కుట్టుమిషను ఉన్న అక్క ఒక్క గంటలో అది కుట్టగలదు. గాయము పూర్తిగా మానువరకు మాత్రము గింజలు వద్దు, మెత్తని దూది చాలును.

కుమార్తె పెండ్లికి అడ్డము వచ్చునని జబ్బును దాచు తల్లులు కలరు. ఈ జబ్బులో వంశపారంపర్యముగా వచ్చునది నూటికి అయిదు నుండి పది వరకే. తల్లికి వచ్చినచో కుమార్తె డాక్టరుకు చెప్పి చూపించుకొనుచుండుట మంచిదే. దాచుట వలన మాత్రము ఆమెకు ఏ రక్షణయు లేదు. ఇట్టి ఆపరేషను జరిగి కొన్ని సంవత్సరములైన స్త్రీ మీ సంఘములో ఉన్నయెడల, క్రొత్తగా ఇల్లు చేరిన సహోదరి దగ్గరకు ఆమెనే పంపుడి. పాటలు పాడుటకు పదిమంది కలిసి పోవుట తరువాత చూచుకొనవచ్చును. ఆమె ఒక్కతె పోయి తలుపు వేసికొని కూర్చుండిన చాలును. సంచిలో బంతి లేకున్నను మన ఇండ్లలో గోడ కలదు.

గొట్టము తీసి, డాక్టరు సరేననిన తరువాత, ఆమెను గోడకు ఎదురుగా నిలువబెట్టుడి. వ్రేళ్లతో చీమ నడచినట్లు గోడపై నెమ్మదిగా పైకి పోవలెను. లాగినట్లు తోచినచోట ఆగి, ఒక్క నిమిషము ఊపిరి పీల్చుకొని, అక్కడ బొగ్గుతో గీత పెట్టి దిగవలెను. మొదటి దినము గీత భుజము క్రిందనే యుండును. మరునాడు అక్కడనే యుండవచ్చును, వ్రేలెడు పైకి పోవచ్చును. దినమునకు మూడు నాలుగు మారులు. ఆ వచ్చిన అక్క, తన చేయి మొదట ఎంతవరకు లేచెనో ఆ గోడమీదనే చూపవచ్చును. పెరటి దండెము మీద తన చీర తానే ఆరవేసికొనునంత ఎత్తు వచ్చువరకు ఆ గీతలను సున్నము కొట్టి చెరిపివేయవద్దని ఇంటివారికి నా మనవి.